రైకాన్ రుచి చూడని రొట్టె

మా జిల్లాలో రైకాన్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఎదురుగా ఉంటే అక్క, వెనక్కి తిరిగితే జరిమానా అక్క. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఒకసారి షేర్ వ్యానులో ఆవిడ ముందు సీట్లో కూర్చుని ఉండగా వెనక నుంచి ఎవరో, "జరిమానా అక్క ఇవాళ ఎవరి కొంప ముంచడానికి బయల్దేరిందో" అన్నారు. రైకాన్ తల తిప్పకుండానే, "పిండిమర వాళ్ళది. నీకేమన్నా పనుందా అక్కడ?" అంది. ఆవిడ దిగేదాకా వ్యానులో ఎవరూ కిక్కురుమనలేదు.

కార్మిక శాఖలో ఇన్‌స్పెక్టర్ ఆవిడ. జిల్లా మొత్తానికి ఒక్కతే. పనిచేసే చోట మనుషుల కాళ్ళూ చేతులూ భద్రంగా ఉన్నాయో లేవో చూడటం, లేకపోతే యజమానికి జరిమానా రాయడం ఆ ఉద్యోగం. ఆఫీసుకి ఒక కారు ఉండేది కానీ దానికి పెట్రోలు ఉండేది కాదు. అందుకని హెల్మెట్‌ని ఉల్లిపాయలు తెచ్చుకునే వల సంచిలో వేసుకుని, వ్యానుల్లో, ఒక్కోసారి గడ్డి ట్రాక్టర్ల మీద తిరిగేది. తనిఖీ అయిపోయాక యజమానులు కారులో దింపుతామంటే ఎక్కేది కాదు. వయసులో ఉండగా పంచదార ఫ్యాక్టరీలో భద్రతా విభాగంలో పనిచేసింది. సోవియట్ రోజులు పోయి ఫ్యాక్టరీకి తాళం పడ్డాక బజారులో మేజోళ్ళు అమ్మింది. ఆ తర్వాత ఈ ఉద్యోగం దొరికింది. "మేజోళ్ళు అమ్మడమే నయం, కొన్నవాళ్ళు నవ్వుతూ పోయేవాళ్ళు" అనేది.

భర్త కెంచె పశువుల డాక్టరుగా రిటైరయ్యాడు. వేళాకోళం మనిషి. ఆపిల్ చెట్టెక్కడానికి నిచ్చెన వేసినప్పుడల్లా ఇంట్లోకి కేకేసేవాడు. "ఏమోయ్, నిచ్చెన ఎక్కుతున్నా. నోటీసు ఇచ్చా. జరిమానా ఎంతో చెప్పు!" ఆవిడ వచ్చి, నిచ్చెన కాళ్ళ దగ్గర నిలబడి పట్టుకునేది. ఆయన దిగేదాకా అక్కడే ఉండేది.

ఆవిడ గురించి మా వైపు చెప్పుకునేది ముఖ్యంగా రొట్టె సంగతి. ఎవరి గడప తొక్కినా రొట్టె రుచి చూడకుండా వెనక్కి పోకూడదు మాకు. ఎంత తొందరలో ఉన్నా సరే, ఇంటివాళ్ళు రొట్టె పట్టుకుని గేటు దాకా వస్తారు, ఒక తుంపు తుంపి నోట్లో వేసుకుని పోవాలి. అలా చేయకుండా వెళ్ళిపోతే, మీ ఇంట్లో తినదగ్గదేమీ లేదని మొహం మీద చెప్పినట్టే. తనిఖీకి వెళ్ళే మనిషికి ఇదొక చిక్కు. యజమానులు ఆ రొట్టెతో మొదలుపెట్టి టీకీ, టీ నుంచి మాంసానికీ, మాంసం నుంచి సంచిలో పెట్టే పొట్లానికీ సాగదీస్తారు. ముందున్న ఇన్‌స్పెక్టర్ అలాగే తిని తిని ఒళ్ళు పెంచాడు. రైకాన్ దానికొక దారి కనిపెట్టింది. ఎక్కడా కూర్చునేది కాదు, టీ ముట్టేది కాదు, పోయేటప్పుడు మాత్రం గేటు దగ్గర గోరంత ముక్క తుంపి నోట్లో వేసుకునేది. జరిమానా కాగితం అందుకుని శాపనార్థాలు పెట్టినవాళ్ళు కూడా, అలవాటు కొద్దీ రొట్టె పట్టుకుని వెనకాల వచ్చేవాళ్ళు. అదీ తుంపేది. "తిట్టినవాళ్ళ రొట్టె కూడా రొట్టేగా" అనేది. అన్నేళ్ళలో ఏ గేటు దగ్గరా ఆ గోరంత ముక్క మానలేదు.

ఆక్‌తెరెక్ ఊరి బయట ఇటుకల కార్ఖానా ఓముర్జాక్‌ది. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సమష్టి పొలంలో లారీ డ్రైవరుగా మొదలై, చేతులు అరగదీసుకుని ఆ బట్టీ పెట్టాడు. మసీదు కప్పు బాగుచేయించాడు. ఎవరి ఇల్లన్నా కూలితే డబ్బు అడక్కుండా ఇటుకలు తోలించాడు. గట్టిగా నవ్వుతాడు, గట్టిగా తిడతాడు, సాయంత్రానికి రెండూ మర్చిపోతాడు. ఆయన దగ్గర మట్టి కలిపే మిషను ఒకటుంది. పైన పెద్ద తొట్టి, తొట్టి అడుగున తిరిగే ఇనప రెక్కలు. మట్టి గడ్డలు రెక్కల్లో పడి నలిగి, ముద్దయి కింది నుంచి వస్తాయి. తొట్టి మీద ఇనప జాలీ ఉండాలి, చెయ్యి లోపలికి పోకుండా. జాలీ ఉంటే పెద్ద గడ్డలు పైనే ఆగిపోతాయి, పని నెమ్మదిస్తుంది. కాబట్టి జాలీ గోడకి ఆనించి ఉండేది, మిషను నోరు తెరుచుకుని ఉండేది. ముందుగా నోటీసు ఇవ్వకుండా ఇన్‌స్పెక్టర్లు గేటు దాటకూడదని పైవాళ్ళు రూలు పెట్టారు, వ్యాపారస్తుల్ని పీడించకూడదట. నోటీసు అందగానే జాలీకి నీలం రంగేసి తొట్టి మీద పెట్టేవాళ్ళు. రైకాన్ వెళ్ళిపోయాక తీసేసేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి నడిచింది.

ఆ శరత్కాలంలో రైకాన్ మళ్ళీ నోటీసు తీసుకుని బయల్దేరింది. పోస్టులో పంపితే బట్టీ ఆరిపోయే కాలానికి చేరుతుందని తనే పట్టుకెళ్ళింది. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల పెద్ద కళాయిలో మాంసం ఉడుకుతున్న వాసన. పనివాళ్ళంతా చేతులు కడుక్కుని, నేల మీద పరిచిన గుడ్డ చుట్టూ సర్దుకుంటున్నారు. ఆవిణ్ణి చూడగానే ఓముర్జాక్‌కి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

"రండక్కా, రండి! దేవుడు పంపినట్టు వచ్చారు" అన్నాడు. ఆ దేవుడు ఇంకెవర్నన్నా పంపకూడదా అని మొహంలో కనబడుతూనే ఉంది.

"ఏంటి ఓముర్జాక్, పెళ్ళా?"

"పెళ్ళేంటక్కా, తులో. ఊరికే. ఏడాది చల్లగా గడిచింది కదా, ఒక గొర్రెని కోశాం."

తులో ఊరికే చేసేది కాదు. కీడు మీదకి వచ్చినప్పుడో, వచ్చి పక్క నుంచి పోయినప్పుడో గొర్రెని కోసి, నలుగురికీ పెట్టి, ఈ రక్తంతో సరిపెట్టుకో అని దేవుణ్ణి అడగడానికి చేస్తారు. ఆ ముక్క రైకాన్‌కి తెలియనిది కాదు. అయినా నోటీసు తీసింది.

"ఇందులో సంతకం పెట్టు, పోతాను."

"తులో దగ్గరికొచ్చి తినకుండా పోవడమా? అక్కా, ఇది నా మాంసం కాదు, దేవుడిది. నాదైతే మీరు తినరని నాకు తెలుసు, బలవంతం చెయ్యను. దేవుడిది కాదంటారా?"

 మొక్కుకుని వండిన మాంసం వద్దనడం మా వైపు పుట్టిన మనిషి వల్ల కాదు. సంచి పక్కన పెట్టి కూర్చుంది. ఇరవయ్యేళ్ళలో ఒక కార్ఖానాలో ఆవిడ మోకాళ్ళు మడవడం అదే మొదటిసారి. తోక దగ్గరి కొవ్వు ముక్క వయసులో పెద్ద ఆడవాళ్ళకి పెట్టేది, అది తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. తింది. బాగుందనే తింది.

ఎదురు వరసలో మెలిస్ కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, మొదటి నుంచీ మిషను దగ్గర పనిచేసేవాడు. కుడిచెయ్యి కోటు లోపల దాచుకుని, ఎడమ చేత్తో తింటున్నాడు.

"చెయ్యేమైంది మెలిస్?"

"కట్టెలు కొడుతుంటే తగిలిందక్కా, ఇంటి దగ్గర" అన్నాడు మెలిస్, అడగడం పూర్తి కాకముందే. పక్కనున్నవాళ్ళంతా ఒక్కసారిగా ఎముకలు జుర్రుకోవడంలో పడ్డారు.

తిండి అయింది. దీవెన చెప్పాల్సిన పెద్దమనిషి శార్షెన్ తాత. ఊళ్ళో అందరికంటే ముసలివాడు, నెత్తిన తెల్ల ఉన్ని టోపీ, గొంతు మాత్రం ఇంకా గుర్రాల మందని అదిలించేంత ఉంది. పొద్దున్నే ఓముర్జాక్ ఆయన్ని పక్కకి పిలిచి, "తాతా, అందరి మంచీ కోరండి చాలు. పేర్లవీ వద్దు" అని చెప్పాడట. ఆయన గడ్డం నిమురుకుని ఊరుకున్నాడట. ఊరుకున్నాడంటే సరేనన్నాడని ఓముర్జాక్ అనుకున్నాడు. ఆఫీసు నుంచి దాచొచ్చుగానీ, గొర్రెని కోశాక ఎందుకు కోశామో దేవుడికి చెప్పకుండా ఎలా కుదురుతుంది? ఆ మాత్రం ఆలోచన ఓముర్జాక్‌కి తట్టలేదు. అసలు భయం లేనివాడైతే తులో చెయ్యకుండానే ఊరుకునేవాడు. దాచినవాడు తులో ఎందుకు చేశాడయ్యా అంటే, మావాళ్ళు అంతే.

శార్షెన్ తాత అరచేతులు చాపాడు. అందరూ చాపారు. రైకాన్ కూడా చాపింది.

"దేవుడా, నీ దాసుడు మెలిస్ కుడిచేతిని ఈ మట్టి మిషను పట్టుకుంది. మూడు వేళ్ళు తీసుకుని మనిషిని వదిలింది. వదిలినందుకు నీకు దణ్ణం. ఆ రక్తానికి బదులు ఈ గొర్రె రక్తం తీసుకో. ఈ మిషను ఇంకెవర్నీ అడక్కుండా చూడు. దాని నోరు మూయించు. ఓమిన్!"

"ఓమిన్" అన్నారందరూ, అలాగే కావాలని, అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు. ఓముర్జాక్ చేతులు మొహం మీంచి చాలాసేపు దిగలేదు.

రైకాన్ కూడా ఓమిన్ అంది. చేతులు తుడుచుకుని, సంతకం కాని నోటీసుని మడిచి సంచిలో పెట్టుకుని, హెల్మెట్ బయటికి తీసింది.

"ఈ నోటీసు అక్కర్లేదులే ఓముర్జాక్. ప్రమాదం జరిగిన చోటికి నోటీసు లేకుండా రావచ్చు. పద, మిషను చూపించు."

"అక్కా… కూర్చుని తిన్న చోటేనా?"

"నేను తిన్నది దేవుడిదన్నావుగా. ఆయనకి జరిమానా రాయడం లేదులే."

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఓముర్జాక్ వాళ్ళని తిట్టాడు, తర్వాత ఆవిడ వెంట నడిచాడు. నీలం రంగు జాలీ గోడకి ఆనించి ఉంది, దాని మీద సాలెగూడు. తొట్టి నోరు అలాగే తెరుచుకుని ఉంది. పక్కన ముప్పై ఏళ్ళ మనిషి పార పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు దీని దగ్గర పనిచేసేది ఎవరు?"

"వీడే అక్కా, ఇసాక్. మెలిస్ సొంత తమ్ముడు" అన్నాడు ఓముర్జాక్. ఆ ఒక్క మాట దగ్గర ఆయన గొంతు కొంచెం లేచింది. "పాపం వాళ్ళింట్లో సంపాదన ఆగిపోకూడదని, మర్నాడే నేనే పిలిచి పెట్టాను."

నిజంగానే మంచి మనసుతో చేశాడు. అన్న చెయ్యి పోయిన చోటే తమ్ముణ్ణి నిలబెట్టానన్న ఊహ ఆయనకి రానేలేదు. ఆ ఇంటివాళ్ళకీ రాలేదు, మెలిస్ భార్య వెన్న తీసుకొచ్చి మరీ దణ్ణం పెట్టి వెళ్ళిందట. రైకాన్ ఇసాక్ చేతుల వైపు చాలాసేపు చూసింది. మోచేతుల దాకా మట్టి.

"జాలీ నేను తీయించలేదక్కా" అన్నాడు ఓముర్జాక్. "గడ్డలు దిగడం లేదని వాళ్ళే తీసేస్తారు. కావాలంటే అడగండి."

"వాళ్ళే తీస్తారు సరే. మిషను ఎవరిది?"

ఓముర్జాక్ వంగి జాలీ మీది సాలెగూడు తుడవడం మొదలుపెట్టాడు.

అక్కణ్ణుంచి రైకాన్ మెలిస్ ఇంటికి నడిచింది. అతను ఒప్పుకోకపోతే అది కట్టెలు కొట్టిన గాయంగానే మిగిలిపోతుంది. తులోలో విన్న ప్రార్థనని సాక్ష్యంగా రాయడానికి ఆవిడ కాగితంలో చోటు లేదు. మెలిస్ కట్టెల మాట వదల్లేదు. భార్య బుర్మాకాన్ టీ పోస్తూ, వింటూ కూర్చుంది.

"ఓముర్జాక్ అన్న వాచ్‌మన్ పని ఇస్తానన్నాడక్కా. గది వేసుకోవడానికి ఇటుకలు కూడా తోలిస్తానన్నాడు. మంచోడక్కా ఆయన" అన్నాడు మెలిస్.

"మంచోడే. కాదన్నానా? ఆయన పోయాక వాళ్ళబ్బాయి ఇస్తాడా? ఇవ్వననడు, నువ్వెవరంటాడు. చట్టం ప్రకారమైతే కార్ఖానా ఎవరి చేతికి పోయినా నీకు నెలనెలా రావాల్సింది వస్తుంది."

"తమ్ముడి పని పోతుందక్కా."

"పని పోదు. ఆ తొట్టి ఇలాగే ఉంటే చెయ్యి పోతుంది."

మెలిస్ తల వంచుకున్నాడు. రైకాన్ అడిగింది.

"ఇందాక శార్షెన్ తాత దీవెన చెప్పాక నువ్వు ఓమిన్ అన్నావా?"

"అన్నా."

"దేవుడికేమో మిషను అని చెప్పి, నాకేమో కట్టెలంటావా? ఏం నాయనా, ఆయన కంటే నేనంటేనే భయమా?"

ముందు బుర్మాకాన్ నవ్వింది. నవ్వుతూనే తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "చెప్పెయ్యి, ఎన్నాళ్ళు కోటులో దాచుకుంటావు ఆ చేతిని" అంది. మెలిస్ చెప్పాడు. ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. అక్షరాలు ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోయాయి.

జరిమానా పడింది. ఓముర్జాక్ మర్నాడే బ్యాంకుకి వెళ్ళి కట్టేసి వచ్చాడు. మెలిస్‌కి ఇవ్వాల్సిన దగ్గర కూడా పేచీ పెట్టలేదు, వాచ్‌మన్ పని కూడా మాట ప్రకారం ఇచ్చాడు. కానీ టీ కొట్టు దగ్గర మాత్రం తొడ చరిచి నవ్వాడు. "నా గొర్రె ఖరీదు కూడా లేదయ్యా ఆ జరిమానా! ముందే తెలిస్తే గొర్రెని బతకనిచ్చి జరిమానాయే కట్టేవాణ్ణి!" ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది.  జరిమానా ఎంతో రాసింది ఆవిడ కాదు, పైవాళ్ళు. ఎప్పుడో రాశారు, అప్పటి గొర్రెల ధర వేరు.

వసంతంలో బట్టీ మళ్ళీ రాజేశాక, సరిచేశారో లేదో చూడటానికి ఆవిడ వెళ్ళింది. రూలు ప్రకారం ముందు నోటీసు పంపే వెళ్ళింది. జాలీ తొట్టి మీద ఉంది. కొత్తగా రంగేశారు. నాలుగు మూలలా తీగతో కట్టారు. ఇసాక్ పక్కన నిలబడ్డాడు.

"ఒకసారి నడిపించు" అంది.

మిషను తిరిగింది. మట్టి పోశారు. గడ్డలు జాలీ మీద ఆగాయి. ఇసాక్ చెయ్యి తనంతట తనే తీగ ముడి దగ్గరికి పోయింది. ఆవిడ ఉందని గుర్తొచ్చి ఆగి, ఆ చేత్తో ముక్కు గోక్కున్నాడు. రైకాన్ వంగి తీగని చూసింది. రోజూ విప్పి రోజూ మెలేస్తే తీగ ఎలా నున్నబడి మెరుస్తుందో అలా మెరుస్తోంది. జాలీ లేకపోతే జరిమానా వేయమని రూల్లో ఉంది. తీగ మెరిస్తే ఏం చేయాలో లేదు. అన్నీ సక్రమంగా ఉన్నాయని రాసి, సంతకం పెట్టి, కాగితం ఓముర్జాక్ చేతిలో పెట్టింది.

ఓముర్జాక్ ఊపిరి పీల్చుకున్నాడు. పరిగెత్తుకెళ్ళి వేడివేడి రొట్టె తెచ్చి, గేటు దగ్గర రెండు చేతులా పట్టుకున్నాడు.

"తుంపండక్కా. పోయినసారి సంగతి నా మనసులో లేదు. మీ మనసులో కూడా పెట్టుకోకండి."

రైకాన్ రొట్టె వైపు చూసింది. పక్క నుంచి నడిచి గేటు దాటింది.

ఏదో మరిచిపోయిందనుకున్నాడు ముందు. "అక్కా, రొట్టె!" అన్నాడు. ఆవిడ రోడ్డు మీద నడుస్తూనే ఉంది. పనివాళ్ళు పారలు ఆపి చూస్తున్నారు. అంత పెద్ద మనిషి, రొట్టె పట్టుకుని, చెప్పులు జారుతుంటే ఆవిడ వెనకాల పరిగెత్తాడు.

"ఏం చేశానక్కా నేను? జరిమానా వేశారు, కట్టాను. జాలీ పెట్టమన్నారు, పెట్టాను. సక్రమంగా ఉందని మీరే రాశారు కదా! నన్ను తిట్టండి, ఇంకో జరిమానా వెయ్యండి. ఇదేంటి, పగవాళ్ళ గుమ్మం దగ్గర కూడా తుంపారు కదా మీరు!"

"తుంపాను. వాళ్ళెవరూ నా చేత ఓమిన్ అనిపించి మిషను నోరు తెరిచి ఉంచలేదు" అంది రైకాన్. ఆగి అతని వైపు తిరిగింది.  "ఆ తీగ ఎవరికోసం కట్టావు ఓముర్జాక్? నాకోసం. ఇసాక్ కోసం కట్టింది ఏదీ? వాడికోసం ఏదన్నా చేసిన రోజున చెప్పు, వచ్చి తింటాను."

వ్యాను వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. ఓముర్జాక్ రొట్టెతో రోడ్డు మీద నిలబడ్డాడు.

ఇక ఆ రొట్టెని ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. రొట్టెని పారెయ్యకూడదు. అతిథికని తీసింది, అతిథి కాదన్నది, తీసుకెళ్ళి పిల్లలకి పెట్టబుద్ధి కాలేదు. కారులో పెట్టుకుని తిరిగాడు, ఎక్కిన ప్రతివాడూ ఇదేంటని అడిగాడు. చివరికి మిషను పక్క గోడకి మేకు కొట్టి, సంచిలో పెట్టి వేలాడదీశాడు. సైన్యంలోకి పోయే కుర్రాళ్ళు కొరికి వదిలిన రొట్టెని, వాళ్ళు తిరిగొచ్చేదాకా అలా గోడకి వేలాడదీయడం మా ఇళ్ళల్లో మామూలే. ఇనప మిషను పక్కన వేలాడదీయడం మాత్రం ఎవరూ చూడలేదు. జరిమానాకి చీమ కుట్టినట్టయినా లేని మనిషి, ఆ మేకు వైపు చూడలేక అటు వెళ్ళడమే తగ్గించాడు.

ఒకరోజు శార్షెన్ తాత పొయ్యి కోసం ఇటుకలు చూసుకోవడానికి వచ్చాడు. గోడ వైపు చూశాడు.

"ఎవరబ్బాయిరా సైన్యంలోకి పోయింది?"

పనివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఇసాకే చెప్పాడు. "ఎవరూ పోలేదు తాతా. జరిమానా అక్క రుచి చూడకుండా పోయిన రొట్టె అది."

"ఎందుకు పోయింది?"

ఇసాక్ తొట్టి వైపు చూశాడు. జాలీ గోడకి ఆనించి ఉంది. ముసలాయన కర్ర ఆనించుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళి, లోపల తిరుగుతున్న రెక్కల్ని చూశాడు. చూసి వెనక్కి తిరిగి ఓముర్జాక్‌ని పిలవమన్నాడు.

"ఒరేయ్ ఓముర్జాక్, దీని నోరు మూయించమని నేను దేవుణ్ణి అడిగానా లేదా?"

"అడిగారు తాతా."

"నీ గొర్రె తిని అడిగాను. ఊరంతా ఓమిన్ అంది. ఆయన పైనుంచి దిగొచ్చి వెల్డింగ్ చేస్తాడనుకున్నావురా? నన్ను ఆయన దగ్గర అబద్ధాలకోరుని చేశావు. ఈ వయసులో! ఎల్లుండో ఆ మర్నాడో వెళ్ళి ఆయన మొహం చూడాల్సినవాణ్ణి!"

ఓముర్జాక్ చెవులు ఎర్రబడ్డాయి. పనివాళ్ళ ముందు ఆయన్ని 'ఒరేయ్' అనగలిగే నోరు ఆ ఊళ్ళో అదొక్కటే. ఆ పూటే మిషను ఆపించాడు. పట్నం నుంచి వెల్డరు వచ్చాడు, కరెంటు మనిషి వచ్చాడు. ఇటుకల పని నిలిచిపోయింది, కొనడానికి వచ్చినవాళ్ళు ఖాళీ లారీలతో తిరిగిపోయారు, ఓముర్జాక్ అందర్నీ తిడుతూ తిరిగాడు. గడ్డల్ని ముందే నేల మీద కొట్టడానికి ఇద్దర్ని కొత్తగా పెట్టుకున్నాడు. అన్నీ అయ్యాక తనే కారు వేసుకుని రైకాన్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది, పైన కెంచె కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"రండక్కా, చూద్దురుగాని."

"నువ్వు పద, వ్యానులో వస్తా."

వచ్చింది. జాలీని తొట్టికి కీళ్ళతో బిగించారు. కీలు పక్కన ఒక చిన్న స్విచ్చి. మిషను తిరుగుతుండగా రైకాన్ జాలీ ఎత్తింది. మిషను ఆగింది. దించి నడిపించమంది, మళ్ళీ ఎత్తింది. ఆగింది. ఆ స్విచ్చిని ఎవరైనా పుల్ల పెట్టి నొక్కి ఉంచొచ్చా అని వంగి చూసింది. కుదరకుండా రేకు కప్పు వేశారు. ఇంకోసారి ఎత్తింది. ఓముర్జాక్ పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు.

"సరే" అంది ఆవిడ.

ఓముర్జాక్ భార్య వేడి రొట్టె తెచ్చింది. రైకాన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది కాదమ్మా. ఆ రొట్టె ఏది?"

మెలిస్ మేకు మీంచి సంచి దించి, రొట్టె తీసి తెచ్చాడు. గేటు వాచ్‌మన్ కాబట్టి వచ్చినవాళ్ళకి రొట్టె అందించడం ఇప్పుడు అతని పని. ఎప్పటిలాగే కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఎడమ చేత్తో చాపాడు. రైకాన్ అందుకోలేదు. అలాగే నిలబడింది.

"రొట్టె కుడిచేత్తో కదా ఇస్తారు, మెలిస్."

అందరూ చూస్తున్నారు. మెలిస్ ఓముర్జాక్ వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. చెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. మిగిలిన రెండు వేళ్ళ మధ్య రొట్టెని పట్టుకుని ఆవిడకి ఇచ్చాడు. ఓముర్జాక్ ఆ చేతిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. టోపీ తీసి పట్టుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

రొట్టె ఎండి కాల్చిన ఇటుకలా ఉంది. రైకాన్ తుంపబోయింది, తునగలేదు. చుట్టూ చూసి, ఇసాక్‌ని పిలిచింది.

"నువ్వు విరువు నాయనా."

ఇసాక్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రొట్టెని రెండు చేతులా పట్టుకుని విరిచాడు.